మింబరు పైనుండి మేము చెప్పిన సగం మాట

గత సంవత్సరం ఒక జుమా ప్రసంగంలో తల్లి ఔన్నత్యాన్ని గురించి చెబుతూ మేము ఒక వైజ్ఞానిక విషయాన్ని జోడించాము. మనిషి దేహంలో దాదాపు ప్రతి కణానికీ శక్తిని సమకూర్చే మైటోకాండ్రియా అనే సూక్ష్మభాగాలు తండ్రి నుండి కాక తల్లి నుండి మాత్రమే బిడ్డకు వస్తాయని, మనం వేసే ప్రతి అడుగులోనూ తల్లి ఇచ్చిన శక్తే ఉందని అన్నాము. ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో చదివిన ఆ సంగతి మాకు ఎంతగానో నచ్చింది. విన్నవారికీ నచ్చింది. నమాజు తరువాత ఇద్దరు ముగ్గురు యువకులు వచ్చి మెచ్చుకున్నారు కూడా.

కొన్ని నెలల తరువాత ఒకనాడు అస్ర్ నమాజు ముగిసి మేము మదర్సా వరండాలో కూర్చుని ఉండగా, పాలకొండ వైపు గ్రామం నుండి ఒక పెద్దావిడ వచ్చారు. ఆ కుటుంబం మాకు చాలాకాలంగా తెలుసు. ఆమె మనవడు పద్నాలుగు నెలల వయసులో మరణించాడు. జనాజా నమాజు చేయించింది మేమే. (ఈ వివరాలను ఆ కుటుంబం అనుమతితో, గుర్తులు కొద్దిగా మార్చి రాస్తున్నాము.) ఆమె కొంగు సర్దుకుని, ఉపోద్ఘాతం లేకుండా అడిగారు:

"హజ్రత్, పిల్లాడిది మైటోకాండ్రియా జబ్బని పెద్దాసుపత్రిలో చెప్పారు. అది తల్లి నుండే వస్తుందని మింబరు మీద మీరే అన్నారు. అంటే కోడలి వల్లనే కదా నా మనవడు పోయాడు?"

కోడలిని అప్పటికే రెండు నెలల కిందట బొబ్బిలిలోని పుట్టింటికి పంపివేశారట. కొడుక్కి మరొక సంబంధం చూస్తున్నారట. ఆమె మా వద్దకు వచ్చింది సలహా కోసం కాదు, ఆమోదం కోసం. తల్లిని కొనియాడటానికి మేము వాడిన మాట, ఒక తల్లిని ఇంటి నుండి వెళ్ళగొట్టడానికి ఆధారమైంది.

మా వద్ద సమాధానం లేదు. సనదు చూడకుండా, మాటను మోసుకొచ్చినవారెవరో విచారించకుండా ఏ ఉల్లేఖనాన్నీ స్వీకరించరాదని ఇరవై ఎనిమిదేళ్ళుగా విద్యార్థులకు బోధిస్తున్న మేము, ఒక పత్రిక ముక్కను మింబరు ఎక్కించాము. "ఆపా, మాకు రెండు వారాల గడువివ్వండి, అంతవరకు ఏ నిర్ణయమూ వద్దు" అని మాత్రం అనగలిగాము. మా మదర్సాలో చదివి, ఇప్పుడు విశాఖపట్నంలో జీవరసాయనశాస్త్రం బోధిస్తున్న పూర్వ విద్యార్థి ఒకరున్నారు. రెండు ఆదివారాలు ఆయన గురువు, మేము శిష్యులం. నలుగురిలో చెప్పిన సగం మాటకు మిగతా సగాన్ని నలుగురిలోనే చేర్చవలసి ఉంటుంది కనుక ఈ నెల శీర్షికను దానికే కేటాయిస్తున్నాము.

మైటోకాండ్రియా చేసే పనిని మన ఉత్తరాంధ్రవారికి వివరించడం సులువు. ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం పేరు విననివారు మనలో తక్కువ. ఎత్తున నిలిపిన నీటిని గొట్టాల గుండా కిందికి వదిలితే ఆ ఒరవడికి టర్బైన్లు తిరిగి కరెంటు పుడుతుంది. మైటోకాండ్రియాకు రెండు పొరలున్నాయి. మనం తిన్న అన్నంలోని సారం చిన్న చిన్న ముక్కలై లోపలికి చేరాక, లోపలి పొరలో పాతుకొని ఉన్న కొన్ని ప్రోటీన్ సముదాయాలు ఆ సారం నుండి ఎలక్ట్రాన్లను తీసుకుని, ఒకదాని చేతి నుండి మరొకదాని చేతికి అందించుకుంటూ, చివరకు మనం పీల్చిన ఆక్సిజన్‌కు అప్పగిస్తాయి. ఆ క్రమంలో లభించే బలంతో ప్రోటాన్లను పొర అవతలికి తోడిపోస్తాయి. అవతల పోగైన ప్రోటాన్లు, ఆనకట్ట వెనుక నీటివలె, తిరిగి ఇవతలికి రావాలని చూస్తాయి. అవి వచ్చే ప్రధాన మార్గంలో మరొక ప్రోటీన్ యంత్రం ఉంది. ప్రోటాన్లు దానిగుండా జారుతున్నప్పుడు ఆ యంత్రంలోని ఒక భాగం నిజంగానే గిరగిర తిరుగుతుంది. ఇది ఉపమానం కాదు, వాస్తవం. తిరుగుతూ అది ఏటీపీ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. కండరం ముడుచుకోవడానికైనా, నరం సందేశం పంపడానికైనా కణం ఖర్చుపెట్టే నాణెం ఆ ఏటీపీయే. ప్రోటాన్ల ఆనకట్ట సంగతిని పీటర్ మిచెల్ అనే ఆంగ్లేయుడు 1961లో ప్రతిపాదించినప్పుడు తోటివారు చాలాకాలం నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. తిరిగే యంత్రం రహస్యాన్ని విప్పినందుకు 1997లో పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు ఆ బహుమతిలో భాగం దక్కింది.

ఏటీపీని తొలిసారి గుర్తించినవారిలో ఒకరు తెలుగువారని మా శిష్యుడు చెప్పినప్పుడు మేము ఆయనను రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాము. (ఈసారి సనదు వదలలేదు.) 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికా వెళ్ళి, హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి కండరాలలోని భాస్వర పదార్థాలపై కృషి చేశారు. వారిద్దరూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని లోకానికి తెలియజేశారు. ఆ సంవత్సరమే జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. మన జిల్లాలలో బోదకాలు నివారణకని ఆరోగ్య కార్యకర్తలు గడప గడపకూ తిరిగి మింగించిన డీఈసీ మాత్రలున్నాయి కదా, ఆ మందు కూడా తరువాతి రోజులలో సుబ్బారావు నాయకత్వాన పనిచేసిన పరిశోధక బృందం నుండి వచ్చినదే. ఆయన 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. మన ఇళ్ళలో ఎందరికి ఆ పేరు తెలుసు?

ఇక అసలు విషయం. మైటోకాండ్రియాకు తనదంటూ ఒక చిన్న డీఎన్ఏ ఉంది. కణకేంద్రకంలోని డీఎన్ఏ ఒక పెద్ద గ్రంథాలయమైతే ఇది ఒక చిన్న కరపత్రం. 16,569 అక్షరాలు, 37 జన్యువులు. 1981లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు దీనిని మొదటి నుండి చివరి వరకు చదివారు. ఈ కరపత్రం తల్లి నుండే వస్తుందన్నది నిజం. మేము చెప్పిన సగం ఇదే. అయితే ఆ కరపత్రంలో ప్రోటీన్లను తయారుచేసే విధానం రాసి ఉన్న జన్యువులు 37లో 13 మాత్రమే. తక్కినవి ఆ పదమూడింటి తయారీకి తోడ్పడే సాధనాలు.

మరి మైటోకాండ్రియాలో ఉండే ప్రోటీన్లు ఎన్ని? వెయ్యికి పైగా! పదమూడు పోగా మిగిలినవన్నీ కేంద్రకంలోని పెద్ద గ్రంథాలయంలో రాసి ఉన్నవే. ఆ గ్రంథాలయంలో దాదాపు ప్రతి పుస్తకానికీ రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. అక్కడి విధానం ప్రకారం ప్రోటీన్లు మైటోకాండ్రియా బయట తయారై, వాటిలో అనేకం తమ కొసన చిరునామా చీటీ వంటి ఒక భాగాన్ని ధరించి, మైటోకాండ్రియా ద్వారాల వద్దకు చేరి, ఆ ద్వారాలలోని ప్రోటీన్లు చీటీని గుర్తుపట్టాక లోపలికి ప్రవేశిస్తాయి. లోపల చీటీని కత్తిరించి తీసివేస్తారు. ఎలక్ట్రాన్లను మొదట అందుకునే తొలి సముదాయాన్నే తీసుకుంటే, దానిలోని సుమారు 45 భాగాలలో తల్లి కరపత్రం నుండి వచ్చేవి ఏడే. తల్లి శక్తి, తండ్రి శక్తి అని విడదీయడానికి అక్కడ వీలు లేదు. ఇరువురి సొమ్మూ ఒకే యంత్రంలో బిగించి ఉంది.

ఈ వెయ్యికి పైగా ప్రోటీన్ల పట్టికను తయారుచేసిన కృషిలో ముందు నిలిచిన వ్యక్తి కూడా తెలుగు కుటుంబానికి చెందినవారే కావడం మాకు ఆనందాన్ని, కొంత ఆశ్చర్యాన్ని కలిగించింది. టెక్సాస్‌లో పెరిగిన డాక్టర్ వంశీ మూతా స్టాన్‌ఫర్డ్‌లో గణితం, గణనశాస్త్రం చదివి, తరువాత వైద్యుడై, సుబ్బారావు పనిచేసిన ఆ హార్వర్డ్ వైద్యకళాశాలలోనే ఆచార్యులయ్యారు. 2014లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఆయన బృందం 2008లో 'మైటోకార్టా' అనే పట్టికను ప్రచురించింది. ఎలుకల దేహంలోని 14 రకాల కణజాలాల నుండి మైటోకాండ్రియాను వేరుచేసి, వాటిలోని ప్రోటీన్ల ముక్కలను అతి సున్నితమైన యంత్రాలతో తూచి గుర్తించారు. కొన్నింటికి మెరిసే గుర్తు తగిలించి అవి కణంలో ఎక్కడికి చేరుతున్నాయో సూక్ష్మదర్శినిలో చూశారు. చిరునామా చీటీ ఉందా, ప్రాచీన జీవులలో దీని బంధువులున్నాయా అన్న ఇతర సాక్ష్యాలను కూడగట్టి గణితంతో తూచారు. అప్పుడు తేలినవి 1,098 జన్యువులు. 2020లో సవరించిన మానవ పట్టికలో 1,136 ఉన్నాయి.

మా మటుకు మాకు ఇది వింటున్నంతసేపూ 'అస్మా ఉర్ రిజాల్' గ్రంథాలే జ్ఞాపకం వచ్చాయి. హదీసును ఉల్లేఖించిన వేలమందిలో ఎవరు ఎవరి వద్ద విన్నారు, ఎవరి జ్ఞాపకశక్తి ఎంతటిది, ఎవరి మాట తీసుకోవచ్చు అని ఒక్కొక్కరినీ తూచి రాసిన పట్టికలవి. ఒక్క సాక్ష్యంతో ఎవరినీ చేర్చుకోరు, ఒక్క అనుమానంతో ఎవరినీ తీసివేయరు. వినడానికి విసుగుపుట్టించే పని. కాని అది లేనినాడు తరువాతివారికి నిలబడటానికి నేల ఉండదు.

పట్టిక ఉంటే రోగికి ఒరిగేదేమిటి? కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో సాగ్నే-లాక్ సెయింట్ జాన్ అనే ప్రాంతముంది. అక్కడి కుటుంబాలలో తరతరాలుగా కొందరు పసిపిల్లలు 'లీ సిండ్రోమ్' అనే వ్యాధిలోని ఒక రకంతో మరణిస్తూ వచ్చారు. ఈ వ్యాధిని 1951లో లండన్ వైద్యుడు డెనిస్ లీ ఏడు నెలల శిశువులో మొదట వర్ణించారు. చాలామంది పిల్లలు పుట్టినప్పుడు బాగానే ఉంటారు. ఒక జ్వరమో విరేచనాలో వచ్చాక, అంతవరకు నిలిపిన మెడను నిలపలేరు. మింగలేరు. కనుగుడ్లు అదుపు తప్పుతాయి. రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. మెదడు లోతట్టు భాగాలు రెండు వైపులా ఒకే తీరున దెబ్బతింటాయి. క్యుబెక్ కుటుంబాలలో లోపమున్న జన్యువు రెండవ క్రోమోజోము మీద ఒకచోట ఉందని అప్పటికే తెలుసు గాని, ఆ వీధిలో ఏ ఇల్లో తెలియలేదు. వంశీ మూతా, ఆయన సహచరులు మైటోకాండ్రియా ప్రోటీన్ల సమాచారాన్ని ఆ వీధి పటంతో సరిపోల్చి, 2003లో ఆ ఇంటిని గుర్తించారు. దాని పేరు ఎల్ఆర్‌పీపీఆర్‌సీ. అది కేంద్రకంలోని జన్యువు, తల్లి కరపత్రంలోనిది కాదు. ఇద్దరు బిడ్డలను ఆ వ్యాధికే పోగొట్టుకున్న పియర్ లవోయ్ అనే తండ్రి, జనానికి దీనిని గురించి తెలియజెప్పడానికి ఆ ప్రాంతమంతా సైకిలు మీద తిరిగారు. అక్కడివారు చాలావరకు క్రైస్తవులు. ఆ జబ్బు అక్కడ నిలవడానికి మూలం, కొద్దిమంది పూర్వీకుల సంతతి విస్తరించి ఒక జనసమూహమవడం.

ఈ చివరి వాక్యాన్ని కావాలనే రాశాము. చుట్టరికపు పెళ్ళిళ్ళ మాట ఎత్తగానే అది ఒక మతం వారి తప్పన్నట్టు మాట్లాడేవారున్నారు. మన తెలుగునేల మీద మేనరికం ఎవరింట లేదు? మేనమామ మేనకోడలిని పెళ్ళాడటం మన ధర్మంలో నిషిద్ధం, ఇతర సముదాయాలలో ఆచారం. మామూ బిడ్డను, ఫూఫీ బిడ్డను చేసుకోవడం మనకు అనుమతించబడినది, విధించబడినది కాదు. జబ్బు ఏ ధర్మాన్నీ అడగదు, ఒకే దెబ్బతిన్న పేజీ రెండు వైపుల నుండీ వచ్చిందా లేదా అన్నదే చూస్తుంది. తల్లి ప్రతిలోనో తండ్రి ప్రతిలోనో ఒకచోట పేజీ చిరిగితే రెండవ ప్రతి ఆదుకుంటుంది. మనిషికి ఏ లోపమూ తెలియదు. అలా చిరిగిన పేజీలు మనలో ప్రతి ఒక్కరి వద్దా కొన్ని ఉంటాయట. తల్లి, తండ్రి ఇద్దరూ ఒకే పేజీ చిరిగినవారైతే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు ప్రతులూ చిరిగినవే అందే అవకాశం నాలుగింట ఒకటి. ఒకే తాతకు మనవలైనవారికి ఒకే పేజీ చేరి ఉండే వీలు బయటివారికన్నా ఎక్కువ. సాధారణంగా నూటికి రెండు మూడు జననాలలో కనిపించే పుట్టుకతో వచ్చే తీవ్రమైన లోపాలు, తోబుట్టువుల బిడ్డల మధ్య జరిగిన పెళ్ళిళ్ళలో సుమారు రెట్టింపు కనిపిస్తాయి. అంటే అత్యధికులకు ఏమీ కాదు. కాని ఒకసారి బిడ్డ పోయిన ఇంట లెక్క వేరు.

ఇక్కడ మరొక జాగ్రత్త. బంధువులను పెళ్ళాడితే సంతానం బలహీనమవుతుందన్న అర్థం గల ఒక మాట దైవప్రవక్త (స) పేర వాడుకలో ఉంది. దానికి ప్రామాణికమైన సనదు లేదని హదీసు పండితులు తేల్చారు. వైద్యులు చెప్పే మాట మంచిదే అయినా, దానికి బలం చేకూర్చడానికి ఆ ఉల్లేఖనాన్ని ఎత్తుకోనవసరం లేదు. ఒక సగం మాటను మరొక సగం మాటతో దిద్దలేము.

లీ సిండ్రోమ్‌కు దారితీసే జన్యువులు ఇప్పటికి 75కు పైగా తెలుసు. వాటిలో కొన్ని నిజంగానే తల్లి కరపత్రంలోనివి. అప్పుడైనా తల్లి చేసిన తప్పేముంది? ఆమెకు ఆమె తల్లి ఇచ్చినది, ఆమె బిడ్డకు ఇచ్చింది. ఏ జన్యువన్నది తేల్చుకోవడం నింద కోసం కాదు, తరువాతి అడుగు కోసం. వీటిలో ఎక్కువ రకాలకు పూర్తి చికిత్స లేదు. అయినా ఒకటి రెండు రకాలలో బయోటిన్, థయమిన్ అనే విటమిన్లను పెద్ద మోతాదులో ఇస్తే పిల్లలు కోలుకుంటారు. సకాలంలో పేరు తెలియకపోతే ఆ అవకాశం చేజారుతుంది. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ అనే మందు కొన్ని రకాల మైటోకాండ్రియా వ్యాధులలో కాలేయానికి ప్రమాదం తెస్తుంది. తల్లిదండ్రులు వ్యాధి పేరును ప్రతి వైద్యునికీ ముందుగా చెప్పాలి. వంశీ మూతా బృందం 2016లో మరొక వింత చూపింది. లీ సిండ్రోమ్ వంటి జబ్బున్న ఎలుకలను, మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ను 11 శాతానికి తగ్గించిన గాలిలో ఉంచితే అవి చాలా ఎక్కువకాలం జీవించాయి. వాడుకోని ఆక్సిజన్ పేరుకుపోవడమే ఆ జబ్బులో కొంత హాని చేస్తున్నట్టుంది. ఇది ఎలుకలలో చూసిన సంగతి. దీనిని నమ్మి ఎవరూ బిడ్డను కొండ మీదికి తీసుకుపోరాదు, మూసిన గదిలో పడుకోబెట్టరాదు.

రెండు వారాల తరువాత ఆ పెద్దావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. జన్యుపరీక్ష నివేదిక ఏదైనా ఉందా అని మేము ముందే కబురు పంపాము. ఉంది. ఇంగ్లీషులో రెండు పుటలు, బీరువాలో బట్టల కింద. 'మైటోకాండ్రియా' అన్న మాట వద్దనే ఆ ఇంట చదువు ఆగిపోయింది. మా శిష్యుడు ఫోనులో దానిని చివరిదాకా చదివించుకుని అర్థం చెప్పారు. జన్యువు కేంద్రకానిది. బిడ్డకు రెండు ప్రతులూ చిరిగినవి. తల్లి వద్ద ఒకటి, తండ్రి వద్ద ఒకటి.

మేము నల్లబల్ల మీద గీశాము. కింద బిడ్డ, పైన ఆ కొడుకు, కోడలు. కోడలు మరెవరో కాదు, ఆ పెద్దావిడ సొంత తమ్ముడి కూతురు. పక్కపక్కన అక్కను, తమ్ముడిని గీసి, వారి పైన వారి అబ్బాను, అమ్మీని గీశాము. బిడ్డకు రెండు వైపులా ఒకే చిరుగు అందింది కనుక, అది పై నుండి అక్క ద్వారా కొడుక్కి, తమ్ముడి ద్వారా కోడలికి దిగివచ్చి ఉండాలని మా శిష్యుడు అన్నారు. ఆమె ఆ బల్లను చాలాసేపు చూశారు.

"అంటే నా నుండి కూడానా, హజ్రత్?"

"ఆపా, మీకు తెలిసి చేసినదేదీ ఇందులో లేదు. ఆ అమ్మాయికి కూడా తెలియదు."

కొడుకు తలెత్తలేదు. కాసేపటికి ఆమెయే అసలు భయాన్ని బయటపెట్టారు. రెండవ కొడుక్కి తమ్ముడి చిన్న కూతురినే అనుకున్నారట. రంజాన్ తరువాత నికాహ్. మేము బల్ల వద్దకు మళ్ళీ వెళ్ళవలసి వచ్చింది. రెండవవాడి వద్ద ఆ పేజీ ఉండే అవకాశం సగం, ఆ అమ్మాయి వద్ద ఉండే అవకాశమూ సగం. ఇద్దరిలో ఒక్కరి వద్ద లేకపోయినా ఈ జబ్బు భయం లేదు. ఏ పేజీయో ఇప్పుడు తెలుసు కనుక దానిని వెతకడం కష్టం కాదు. పెద్ద కొడుకు, కోడలు మళ్ళీ బిడ్డను కోరుకుంటే గర్భం తొలి నెలలలోనే పరీక్షించి చెప్పగల వీలుంది. దానికి ముందే జన్యు సలహాదారును కలవాలి. అటువంటి సలహా, పరీక్షలు హైదరాబాదులోని నిమ్స్, సీడీఎఫ్‌డీ వంటి సంస్థలలో ఉన్నాయి. ఫలానా నెలలో తెలిస్తే ఏమి చేయవచ్చు, ఏది చేయరాదు అన్న ఫిక్‌హ్ ప్రశ్న వేరుగా ఉంది. దానిని ముఫ్తీలతో మాట్లాడి మరొక నెల రాస్తాము.

రెండవ కొడుకు, ఆ అమ్మాయి రక్తనమూనాలు ఇచ్చారు. ఫలితం ఇంకా రాలేదు. నికాహ్ తేదీని ఎవరూ ఖాయం చేయలేదు, రద్దూ చేయలేదు. పెద్ద కొడుకు బొబ్బిలికి రెండుసార్లు వెళ్ళాడు. భార్య మాట్లాడింది గాని వెంట రాలేదు. నింద వేసిన నోటితోనే పిలవాలని ఆమె తండ్రి అన్నాడట. అతని మాట మాకు న్యాయంగానే తోచింది. నిన్న ఆ పెద్దావిడ ఫోను చేశారు. తమ్ముడింటికి వెళ్ళడానికి సిద్ధమేనని, అయితే ఆ మాటను మొదట అన్నది మింబరు మీద కనుక మేము కూడా వెంట రావాలని అన్నారు. ఆదివారం ఉదయం బస్సుకు బయలుదేరుతున్నాము. నల్లబల్ల మీది బొమ్మను ఒక కాగితం మీదికి ఎక్కించి పెట్టుకున్నాము.